కారంపూడి దారిలో యూరోవిజన్

వాడపల్లి దగ్గర కృష్ణ మీద బ్రిడ్జి దాటేసరికి తెల్లారిపోతోంది. బస్సులో అందరూ నిద్ర. పక్క సీట్లో మావాడు మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో పాత బ్లాక్ అండ్ వైట్ వీడియో ఒకటి చూస్తున్నాడు. ఒక నల్లజాతి అమ్మాయి చేత్తో మైకు పట్టుకుని, నవ్వుతూ పాడుతోంది.

"ఎవర్రా ఈవిడ?" అన్నాను.

"మిల్లీ స్కాట్. యూరోవిజన్. 1966."

ఆరేళ్లుగా మేమిద్దరం కూకట్‌పల్లిలో ఒకే గదిలో ఉంటున్నాం. నాది నరసరావుపేట, వాడిది గురజాల దగ్గర పల్లె. ఇద్దరం గుంటూరు వైపే ఇంజినీరింగ్ చదివాం, ఇప్పుడు నేను కోడ్ రాస్తాను, వాడు అందులో తప్పులు పడతాడు. తేడా ఏంటంటే వాడు పాడతాడు. బాత్రూమ్ పాట కాదు, నిజంగా పాడతాడు. నెల కిందట ఒక టీవీ పాటల పోటీ ఆడిషన్‌కి వెళ్తే సెలెక్టయ్యాడు. తర్వాత ఫోనొచ్చింది. "మీది పల్నాడు కదా, ఫోక్ చెయ్యండి. డప్పు, గొంగడి మేం చూసుకుంటాం. మీ ఊళ్లో ఇల్లు కూడా షూట్ చేద్దాం, పాత ఇల్లుంటే ఇంకా బాగుంటుంది" అన్నారట. వాడు ఆడిషన్‌లో పాడింది ఇళయరాజా మెలొడీ. జానపదం వాడు ఒక్కసారి కూడా స్టేజీ మీద పాడలేదు.

నేనేమన్నానో కూడా చెప్పాలి కదా. "చేసెయ్ మామా, వ్యూస్ అదిరిపోతాయి" అన్నాను. వాడు ఏమీ అనలేదు. రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఆ తర్వాత, "కారంపూడి తిరణాలకి వస్తావా?" అని అడిగాడు. సోమవారంలోగా వాళ్లకి జవాబు చెప్పాలి.

సరే, మళ్లీ బస్సులోకి. యూరోవిజన్ అంటే తెలియనివాళ్లకి ఒక ముక్క. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదలైంది. దేశానికో పాట. ఒక్కో దేశం మిగతా దేశాల పాటలకి పాయింట్లు వేస్తుంది, తన పాటకి మాత్రం వేసుకోకూడదు. మన 'పాడుతా తీయగా' మొదలైంది 1996లో. అప్పటికి వాళ్లకి నలభై ఏళ్ల అనుభవం. అందులో మొదటి పదేళ్లూ స్టేజీ మీద ఒక్క నల్లజాతి గాయకుడు లేడు. 1966లో నెదర్లాండ్స్ తరఫున మిల్లీ స్కాట్ లక్సెంబర్గ్‌లో పాడింది. ఆమె మూలాలు సురినామ్‌వి. పద్దెనిమిది దేశాల్లో పదిహేనో స్థానం, మొత్తం రెండు పాయింట్లు. తన రంగు వల్లే ఓట్లు రాలేదని ఆవిడ తర్వాత చెప్పింది.

"ఆ మరుసటి ఏడాదిది చూడు" అని మావాడు ఇంకో వీడియో పెట్టాడు. 1967, వియన్నా. పోర్చుగల్ తరఫున ఎడ్వర్డో నాసిమెంటో. సన్నగా, నల్లగా, సూటులో ఉన్నాడు. పుట్టింది అంగోలాలో. అప్పుడు అంగోలా పోర్చుగల్ వలస. అక్కడ స్వాతంత్ర్యం కోసం 1961 నుంచీ యుద్ధం నడుస్తోంది. అంటే అక్కడ తుపాకులు పేలుతున్న టైమ్‌లోనే, ఇక్కడ పోర్చుగల్ పేరు మీద ఒక అంగోలా కుర్రాడు టీవీలో పాడుతున్నాడు. పన్నెండో స్థానం వచ్చింది. నేను ఆ వీడియో రెండుసార్లు చూశాను. అతని మొహంలో ఏముందో వెతికాను. ఏమీ దొరకలేదు, చాలా శ్రద్ధగా పాడుతున్నాడంతే.

పిడుగురాళ్లలో దిగి టీ తాగాం. సున్నం బట్టీల పొగ, లారీల హారన్లు. అక్కడి నుంచి ఆటోలో కారంపూడి. రోడ్డుకి రెండు వైపులా పత్తి చేలు, మిరప తోటలు, మధ్యమధ్యలో నాపరాళ్లు నిలబెట్టి కట్టిన కంచెలు. ఎండలకు రెంటచింతల పేరు టీవీలో వింటుంటారు కదా, కార్తీకంలో వస్తే ఆ పల్నాడేనా ఇది అనిపిస్తుంది.

కారంపూడి తిరణాల కార్తీక అమావాస్యకి మొదలై ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పన్నెండో శతాబ్దంలో మాచర్ల వాళ్లకీ గురజాల వాళ్లకీ జరిగిన యుద్ధాన్ని రోజుకో ఘట్టంగా తలుచుకుంటారు. ఒకవైపు బ్రహ్మనాయుడు, ఇంకోవైపు నాగమ్మ. స్కూల్లో మనకి దీన్ని కోడిపందెం కథగా చెప్పేసి వదిలేశారు. ఇక్కడ అది కథ కాదు. నాగులేరు ఒడ్డున వీరుల గుడి ఉంది, అందులో వీరుల ఆయుధాలకి పూజ జరుగుతుంది. ఊళ్ల నుంచి జనం తమ ఇంటి కొణతాలు భుజాన వేసుకుని వచ్చి, ఏట్లో కడిగి, పూజ చేసి తీసుకెళ్తారు. మేం వెళ్లింది మూడో రోజు, మందపోరు. తోపులాట, పసుపు, చెమట, ఐస్‌క్రీమ్ బండి వాడి గంట.

గుడి దగ్గర ఒక ముసలాయన కత్తి పట్టుకుని కథ పాడుతున్నాడు. వెనక పంబ, తిత్తి శ్రుతి. వీళ్లని వీరవిద్యావంతులంటారు. ఈ కథ పాడే హక్కు తరతరాలుగా మాల కులం వాళ్లది. శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రని ద్విపదలో రాశాడని తెలుగు వాచకంలో చదివాం, బిట్ పేపర్లో రాశాం. కానీ ఊళ్లలో ఆ కథని నిలబెట్టింది వీళ్ల గొంతులే. 1970లలో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇక్కడికొచ్చి అలిశెట్టి గాలేయ అనే విద్యావంతుడు పాడుతుంటే టేపుల్లో రికార్డు చేసుకున్నాడు. అది 1982లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. మా ఇంటికి నలభై యాభై కిలోమీటర్ల దూరంలో ఇంత ఉందని నాకు ఆ పుస్తకం పీడీఎఫ్ చూసేదాకా తెలీదు. సిగ్గుగానే ఉంది.

ముసలాయన కన్నమదాసు దగ్గరికొచ్చాడు. మాల కన్నమదాసు, బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకుని సేనాపతిని చేసినవాడు. ఆ పేరు రాగానే పంబ జోరు మారింది. మావాడు ముందుకి జరిగాడు. నేను వెనకే నిలబడ్డాను.

మధ్యాహ్నం చాపకూడు. కులం అడగకుండా అందరూ కలిసి కూర్చుని తినడం, బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అని చెప్తారు. అన్నం, పప్పు. పక్కపక్కనే కూర్చున్నాం. ముద్ద కలుపుతూ వాడన్నాడు: "మా నాన్న చిన్నప్పుడు మా ఊరి హోటల్లో మావాళ్లకి గ్లాసు వేరే ఉండేదిరా. చూరులో పెట్టుకుని, తాగి, కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. తిరణాలకి వస్తే మాత్రం అందరితో ఇలా కూర్చునేవాడంట. ఏడాదికి ఒక్కరోజు."

నాకేం చెప్పాలో తెలీలేదు. ఆరేళ్లలో మా మధ్య కులం మాట ఎప్పుడూ రాలేదు. రాకపోవడం స్నేహం అనుకున్నాను. అది నాకు సుఖంగా ఉంది, నిజమే. వాడికెలా ఉందో నేనెప్పుడూ అడగలేదు.

"డప్పు తక్కువని కాదురా నేననేది" అన్నాడు వాడే. "డప్పు కొట్టేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు, బాగా కొడతారు. నాకు రాదు. నా మొహం, నా ఊరు చూసి, ఇదే నీ పాట అంటున్నారు చూడు, అదీ."

ఇక్కడికి దగ్గర్లోనే వినుకొండ. జాషువా 1895లో పుట్టిన ఊరు. అక్కడ ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారని గొడవ చేశారట. అప్పుడు రానిచ్చినందుకు గొడవ. ఇప్పుడు రమ్మంటారు, ఏ వేషంలో రావాలో కూడా వాళ్లే చెప్తారు. రెండూ ఒకటే అని నేననను. ప్రోగ్రామ్ వాళ్లు దుర్మార్గులనీ అనను. మంచి ఎపిసోడ్ తీయాలనే వాళ్ల తాపత్రయం. నేనిచ్చిన సలహా కూడా అలాంటిదే కదా.

యూరోవిజన్‌లో కూడా గేటు తెరుచుకోవడం ఒక కథ, లోపలికెళ్లాక ఇంకో కథ. 2001లో ఎస్టోనియా గెలిచింది. పాడిన ఇద్దరిలో ఒకరు అరూబాలో పుట్టిన డేవ్ బెంటన్, ఆ పోటీ గెలిచిన మొదటి నల్లజాతి గాయకుడు. అప్పటికి ఆయనకి యాభై ఏళ్లు. మొదలైన నలభై అయిదేళ్లకి! 2018లో ఆస్ట్రియా తరఫున సీజర్ శాంప్సన్‌కి జ్యూరీలు మొదటి స్థానం ఇచ్చాయి, జనం ఓట్లు కలిపాక మూడోవాడయ్యాడు. 2021లో సురినామ్‌లో పుట్టిన జాంగు మక్రోయ్ నెదర్లాండ్స్ తరఫున సొంత రాటర్‌డామ్‌లో పాడాడు. బానిసత్వం నాటి నుంచీ సురినామ్ జనం మాట్లాడుకునే స్రనన్ టోంగో భాషని పాటలో పెట్టాడు. ఆ మాట చాలామందికి 'బ్రోకలీ' అన్నట్టు వినిపించి మీమ్స్ వేసుకున్నారు. ఇరవై మూడో స్థానం వచ్చింది. అతను మాత్రం తన పాట తనే రాసుకున్నాడు, తన భాష తనే ఎంచుకున్నాడు. మావాడికి నచ్చింది అదే. పదకొండు పాయింట్ల సంగతి వాడు పట్టించుకోలేదు.

సాయంత్రం ముసలాయన బీడీ వెలిగించుకుని గట్టు మీద కూర్చుంటే మావాడు వెళ్లి పక్కన కూర్చున్నాడు. "ఏ ఊరబ్బాయ్? ఎవురి పిల్లోడివి?" అని మొదలైంది. చుట్టరికాలు తీశారు, ఏదో దూరపు వరస కలిసింది. "నేనూ పాడతా తాతా" అన్నాడు వాడు.

"ఏదీ, పాడు మరి."

వీడు ఆ ఇళయరాజా పాటే ఎత్తుకున్నాడు. చుట్టూ నలుగురు పిల్లలు చేరారు. ఒకడు ఫోన్ తీశాడు. ముసలాయన కళ్లు మూసుకుని పల్లవి, ఒక చరణం విన్నాడు.

"గొంతు బానే ఉంది. మాట మధ్యలో ఊపిరి తెంపుతున్నావబ్బాయ్. మేం రాత్రంతా పాడాల. మాట అయిపోయినాక పీల్చుకోవాల, ముందు కాదు. మళ్లీ పాడు."

మళ్లీ పాడాడు. మూడోసారి కూడా పాడించాడు. సినిమా పాట ఎందుకని గానీ, మన కథ నేర్చుకోమని గానీ ఆయన ఒక్క మాట అనలేదు. ఊపిరి గురించే మాట్లాడాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వాడు ఆ చరణమే గొణుక్కుంటూ కూర్చున్నాడు. పిడుగురాళ్లలో బస్సు కోసం నిలబడినప్పుడు ఫోన్ తీసి ప్రోగ్రామ్ వాళ్లకి మెసేజ్ టైప్ చేశాడు. "ఫోక్ నాకు రాదండి. ఆడిషన్‌లో పాడిన పాటే పాడతాను. ఇల్లు షూట్ చేయాలంటే కూకట్‌పల్లి రూమ్‌కి రండి." పంపే ముందు నాకు చూపించాడు. ఒక అక్షరదోషం ఉంటే దిద్దాను.

ఇది రాస్తున్న టైమ్‌కి బ్లూ టిక్కులు పడ్డాయి. రిప్లై ఇంకా రాలేదు.