మిద్దె మీద పోర్షన్

పోయిన ఆగస్టులో మా ఇంట్లో రెండు వెతుకులాటలు ఒకేసారి జరిగాయి. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మా అక్క బాడుగకి ఒక రూమ్ వెతుక్కుంటా ఉండింది. ఇక్కడ చిత్తూరు మిట్టూరులో మా మిద్దె మీద పోర్షన్ ఖాళీ అయితే, దాంట్లోకి వచ్చే మనుషుల్ని మేము వెతుకుతా ఉన్నాం. రెండింటికీ టెక్నికల్ సపోర్ట్ నేనే. అక్క రూముల లెక్క కోసం గూగుల్ షీట్ చేసిచ్చింది నేను. మా గేటుకి కట్టిన టు-లెట్ బోర్డు మీద ఉన్న నంబరూ నాదే.

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీషు మీడియం. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు చేసుకుంటా ఇది రాస్తున్నా. తప్పులుంటే మన క్లబ్ వాళ్ళు దిద్దుతారని ధైర్యం.

ఐండ్‌హోవెన్ పేరు మన సీఎస్ఈ వాళ్ళకి తెలియకపోయినా ఈసీఈ వాళ్ళకి తెలిసే ఉంటుంది. 1891లో ఫిలిప్స్ బల్బుల కంపెనీ మొదలైంది అక్కడే. పక్కనే వెల్డ్‌హోవెన్‌లో ఏఎస్‌ఎంఎల్ ఉంది. కొత్త చిప్పులకి కావలసిన ఈయూవీ మెషీన్లు ప్రపంచం మొత్తానికి ఆ ఒక్క కంపెనీయే చేస్తుంది. ఊరు మాత్రం మన తిరుపతి కంటే చిన్నదే, దాదాపు రెండున్నర లక్షల జనం. చదువుకని, ఉద్యోగాలకని అన్ని దేశాల వాళ్ళూ అక్కడే దిగుతారు, ఇళ్ళేమో చాలవు. ఒకప్పుడు ఫిలిప్స్ కంపెనీయే 1910 నుంచి పనివాళ్ళ కోసం ఇళ్ళు కట్టించింది, ఆ పేటని ఇప్పటికీ ఫిలిప్స్‌డోర్ప్ అంటారు. 2024 మార్చిలో అక్కడి ప్రభుత్వం ఆ ప్రాంతంలో ఇళ్ళకి, రవాణాకి, చదువులకి కలిపి 250 కోట్ల యూరోలు ప్రకటించింది. అవన్నీ కట్టేలోపల మా అక్క ఎమ్మెస్ అయిపోతుంది, అది వేరే కథ.

అక్క రోజుకి పది రూములకి ఉత్తరం రాసేది. ఉత్తరం అంటే నిజంగానే ఉత్తరం. నేను ఫలానా, శుభ్రంగా ఉంటా, సిగరెట్ తాగను, గట్టిగా మాట్లాడను అని ఫోటోతో సహా పంపాలి. ఆ చివరి మాట చదివి ఇంట్లో అందరం నవ్వినాం. మా అక్క ఫోన్ మాట్లాడితే వీధి చివరకి వినపడుతుంది. స్టూడెంట్లు కలిసి ఉండే ఇళ్ళల్లో అయితే ఒక సాయంత్రం పదిమందిని పిలిచి, మాట్లాడి, లోపల ఉన్నవాళ్ళు ఓటేసి ఒకర్ని ఎంచుకుంటారు. చాలా యాడ్స్‌లో మొదటి లైన్లోనే ఉండేది, వేరే దేశాల వాళ్ళు వద్దు అని. షీట్‌లో నేను మూడు స్టేటస్‌లు పెట్టి ఇచ్చినా: జవాబు వచ్చింది, జవాబు లేదు, ఇంటర్నేషనల్స్ వద్దు. మొదటిది దాదాపు ఖాళీ.

రూమ్ దొరక్కుండానే ఆగస్టు మూడో వారంలో విమానం ఎక్కింది. అమ్మకి తెలిసినవాళ్ళకి తెలిసిన శ్రీకాళహస్తి జంట ఒకరు అక్కడ ఉంటే వాళ్ళ హాల్‌లో సోఫా మీద పడుకునేది. పాపం వాళ్ళు బాగానే చూసుకున్నారు. కానీ వాళ్ళదీ బాడుగ ఇల్లే, ఇంకొకరి పేరు ఆ అడ్రస్ మీద ఎక్కించడానికి ఓనర్ ఒప్పుకోలేదు. అక్కడ అడ్రస్ లేకపోతే మనిషి లెక్కలో లేనట్టే. నాలుగు నెలలకి మించి ఉండేవాళ్ళు దిగిన 5 రోజుల్లో మునిసిపాలిటీకి పోయి ఫలానా ఇంట్లో ఉంటున్నామని నమోదు చేసుకోవాలి. అప్పుడు బీఎస్‌ఎన్ అని మన ఆధార్ లాంటి నంబర్ వస్తుంది. పార్ట్‌టైమ్ ఉద్యోగం కావాలంటే ఆ నంబర్ కావాలి. ఇల్లు కావాలంటే ఓనర్ నీ సంపాదన ఎంత అంటాడు. సంపాదన కావాలంటే ఉద్యోగం, దానికి మళ్ళీ నంబర్, నంబర్‌కి మళ్ళీ ఇల్లు. ఇది డెడ్‌లాక్ అని నేను మా అవ్వకి చెప్పబోతే, "పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, అంతే కదా" అనింది. ఆపరేటింగ్ సిస్టమ్స్ మేడమ్ మూడు క్లాసులు తీసుకున్నారు దీనికి.

అవ్వకి ఆ ఊరి ఇళ్ళ గురించి అన్నీ కావాలి. రోజూ రాత్రి పది దాటినాక వీడియో కాల్. వాళ్ళు మనకంటే మూడున్నర గంటలు వెనక. ఒకరోజు అక్క చెప్పింది, అక్కడ కొన్ని ఇళ్ళు ఉత్తగోడలతో ఇస్తారు, కర్టెన్లు, లైట్లే కాదు, నేల మీద చెక్క పలకలు కూడా పాత వాళ్ళు పీక్కొని పోతారు, కొత్తగా వచ్చినోళ్ళు వేయించుకోవాలి అని. అవ్వ నమ్మలేదు. "నేలని కూడా ఎత్తుకొని పోతారా పాపా? మరి దేని మీద నిలబడేది?" ఆ రోజు నుంచి అక్క ఏ రూమ్ చూసొచ్చినా అవ్వ అడిగే మొదటి ప్రశ్న, నేల ఉండాదా అని.

నాన్నకి నచ్చింది పాయింట్ల లెక్క. అక్కడ బాడుగ ఇంత అని నోటికొచ్చింది చెప్పడానికి లేదు. గది ఎన్ని చదరపు మీటర్లు, వంటగది ఎట్లా ఉంది, కరెంటు ఎంత ఆదా చేస్తుంది, ఇట్లా ఒక్కోదానికి పాయింట్లు వేసి, ఆ మొత్తాన్నిబట్టి ఎక్కువలో ఎక్కువ ఎంత బాడుగ తీసుకోవచ్చో తేలుస్తారు. 2024 జులై నుంచి మధ్యరకం ఇళ్ళకి కూడా ఇది పెట్టినారు. నాన్న ఒక ఆదివారం కూర్చొని మా మిద్దె మీద పోర్షన్‌కి పాయింట్లు వేసుకున్నాడు. బోరు ఉంది, సంపు ఉంది, తూర్పు వాకిలి. చిత్తూరులో ఎండాకాలం ట్యాంకర్ కొనకుండా నీళ్ళున్న ఇల్లంటే ఆ ఒక్కదానికే వంద పాయింట్లు వేయాలి అన్నాడు. అడ్వాన్స్ విషయంలోనూ అక్కడ 2023 జులై నుంచి రెండు నెలల బాడుగకి మించకూడదని చట్టం. మన కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనూ రెండు నెలలే. బెంగుళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టిన మా చిన్నాన్నకి ఈ సంగతి చెప్తే ఏడ్వలేక నవ్వినాడు.

మధ్యలో ఒక మోసం కూడా తప్పింది. మంచి ఫోటోలు, తక్కువ బాడుగ, ఓనర్ వేరే దేశంలో ఉన్నాడంట, డబ్బు వేస్తే తాళాలు పోస్టులో పంపిస్తాడంట. నాన్న బ్యాంకుకి పోయేదానికి చొక్కా కూడా వేసుకున్నాడు. నేను ఆ ఫోటోలని గూగుల్‌లో వెతికితే అదే సోఫా, అదే కిటికీ ఇంకో దేశంలోని హోటల్‌వి. ఆ రోజు ఇంట్లో నా విలువ కొంచెం పెరిగింది.

ఇంక మా ఇంటి సంగతి.

అక్క షీట్ బాగా పనిచేస్తా ఉందని, అదే ఫైల్లో ఇంకో ట్యాబ్ తెరిచి మా పోర్షన్ కోసం ఫోన్ చేసేవాళ్ళ వివరాలు రాయడం మొదలుపెట్టినా. పేరు, ఎంతమంది, ఉద్యోగం, సొంత ఊరు, ఎప్పుడు చేరతారు. చివర్లో ఇంకో కాలమ్. దానికి హెడింగ్ పెట్టలేదు. అవ్వ అడగమన్న ప్రశ్నకి జవాబు అందులో రాసేవాణ్ణి. ఆ ప్రశ్న ఏందో మీకు తెలుసు. మీలో సగం మందిని ఎవరో ఒక ఓనర్ అడిగే ఉంటాడు. మిగతా సగం ఇళ్ళల్లో మీవాళ్ళే అడిగి ఉంటారు. మా కులం ఏదో ఇక్కడ రాయను, రాస్తే మీరు కూడా ఒక కాలమ్ నింపుకుంటారు.

నిజానికి నాకు ఆ ప్రశ్న అవతలి వైపు నుంచి తెలియకుండా ఏం లేదు. జూన్‌లో హాస్టల్ వదిలేద్దామని ముగ్గురం తిరుపతిలో రూమ్ కోసం తిరిగినాం. కొర్లగుంట, బైరాగిపట్టెడ, భవానీ నగర్, ఎండలో అంతా ఒకటే జవాబు, బ్యాచిలర్స్‌కి ఇవ్వం. ఒకాయన మాత్రం ఇస్తానని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఒక్కొక్కర్నీ "మీరేమోళ్ళు నాయనా?" అని అడిగినాడు. మా ముగ్గురిలో ఎప్పుడూ నోరు మూయని వాడు ఒకడున్నాడు. వాడి వంతు వచ్చేసరికి "బండి తీస్తా" అని కిందికి దిగిపోయినాడు. మజ్జిగ గ్లాసు సగం అట్లే ఉండింది. మేము మళ్ళీ హాస్టల్‌కే వచ్చేసినాం. దారంతా ఆ ఓనర్‌ని తిట్టుకున్నా నేను.

రెండు నెలలు కాకముందే నేను అదే ప్రశ్న అడిగినా.

ల్యాబ్ మధ్యలో ఫోన్ వచ్చింది. కారిడార్‌లోకి వచ్చి మాట్లాడినా. పుంగనూరు దగ్గర పల్లె, చిత్తూరులో ఒక ఆసుపత్రిలో నర్సు, తనూ వాళ్ళమ్మా ఇద్దరే ఉంటారు. బాడుగ ఏడు వేలు అంటే సరే అనింది. రెండు నెలల అడ్వాన్స్ సరే. రాత్రి డ్యూటీ ఉంటే గేటు ఆలస్యంగా తీయాల్సి వస్తుంది, ఫరవాలేదా సార్ అని తనే ముందు చెప్పింది. నన్ను ఎవరూ సార్ అనరు. అన్నీ కుదిరినాయి కదా, ఆఖరి కాలమ్ ఒక్కటే ఖాళీ.

"మీరేమోళ్ళు?"

కాసేపు ఏం వినపడలేదు. తర్వాత "అది చెప్తేనే ఇల్లు చూపిస్తారా సార్?" అనింది.

"ఊరికే. మా అవ్వ అడగమనింది."

చెప్పింది. ఒక్క మాటలో చెప్పేసింది. నేను షీట్‌లో రెండు అక్షరాలు కొట్టి, "ఇంట్లో అడిగి చెప్తా" అన్నా. ఫోన్ పెట్టేముందే తెలుసు, చెప్పను అని. స్టేటస్‌లో "తర్వాత" అని పెట్టినా. అవ్వ దాకా పోనేలేదు ఆ మాట. అవ్వ ఏమంటుందో నాకు తెలుసు కాబట్టి అవ్వ పని కూడా నేనే చేసేసినా.

సెప్టెంబర్ మొదటి వారంలో ఒకరోజు షీట్ తెరిస్తే మా ట్యాబ్‌లో కొత్త వరస ఉంది. నేను రాసింది కాదు. పేరు: మా అక్క పేరు. ఎంతమంది: ఒక్కతే. ఉద్యోగం: లేదు, చదువు. సొంత ఊరు: ఏడు వేల కిలోమీటర్ల పైన. హెడింగ్ లేని కాలమ్‌లో: మనవాళ్ళు కాదు. స్టేటస్: తర్వాత.

ఫైల్ ఇద్దరిదీ ఒకటే అని నేను మర్చిపోయినా.

వెంటనే ఫోన్ చేసినా. అవ్వ అడగమంటేనే అడిగినా, నేను ఉత్త టైప్ చేసినా అంతే అన్నా. అక్క గట్టిగా మాట్లాడలేదు. నిజంగా ఉత్తరంలో రాసినట్టే మెల్లగా మాట్లాడింది. "నాకు ఇంటర్నేషనల్స్ వద్దు అని మెయిల్ పెట్టిన పిల్లోడు కూడా టైపే చేసినాడు కదరా. వాడికి కూడా నీ వయసే ఉంటుంది." ఇంకా ఏదో అంటుందనుకున్నా. బస్సు వచ్చింది, పెట్టేసింది.

ఆ కాలమ్ డిలీట్ చేసినా. ఇంట్లో ఇంక నేను అది అడగను అని చెప్పినా. పెద్ద గొడవేం జరగలేదు, అదే నాకు ఆశ్చర్యం. నాన్న "సరే, నువ్వు అడగొద్దు, నేను అడుగుతా. రేపు వీధిలో బతకాల్సింది మేము, నువ్వు కాదు" అని బోర్డు మీద నా నంబర్ కొట్టేసి తన నంబర్ రాసినాడు. ఇప్పుడు ఆ వివరాలన్నీ నాన్న డైరీలో ఉంటాయి. అక్కడికీ వాదించినా. అక్కకి ఇట్లా జరిగితే మనకి ఎట్లా ఉంది అంటే, "అది వేరే దేశం, మనం పోయి అడుక్కుంటున్నాం" అన్నాడు. దానికి ఏం చెప్పాలో ఆ పూట నాకు తోచలేదు. తర్వాత తోచింది గానీ అప్పటికి నాన్న నిద్రపోయినాడు.

నర్సుకి ఫోన్ చేయడానికి ఇంకో వారం పట్టింది. నంబర్ తీసి మూడుసార్లు పెట్టేసినా.

"దొరికింది సార్, గ్రీమ్స్‌పేటలో. ఎందుకు, మీది ఇంకా ఖాళీగానే ఉందా?"

ఉంది అన్నా.

"అప్పట్నించీనా? నెల బాడుగ పోగొట్టుకున్నారు కదా సార్."

ఎత్తిపొడుపుగా అనలేదు, అయ్యో పాపం అన్నట్టే అనింది. సారీ చెప్దామని చేసిన ఫోన్ అది. "ఊరికే కనుక్కుందామని చేసినా" అని పెట్టేసినా.

అక్టోబర్‌లో మా పోర్షన్‌లోకి ఒక బ్యాంకు ఉద్యోగం చేసే జంట వచ్చారు. మంచివాళ్ళే. పాలు పొంగించిన రోజు కింద మాకందరికీ పాయసం పంపించారు. నేను తాగినా.

అక్కకి అంతకు ముందే దొరికింది. ఐండ్‌హోవెన్‌లో కాదు, రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో వచ్చే హెల్మండ్ అనే ఊర్లో. ఒక పెద్దామె తన ఇంట్లోనే పై గది ఇచ్చింది. అడ్రస్ నమోదుకి ఒప్పుకుంది. ఆ రాత్రి వీడియో కాల్‌లో అక్క మెట్ల మీద నుంచి గది చూపించుకుంటా పోతా ఉంటే అవ్వ ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"ఇంటామె నిన్నేం అడిగింది పాపా?"

"వంట వాసన బాగా వస్తుందా అని అడిగింది. తిరగవాత పెట్టేటప్పుడు కిటికీ తీయమనింది."

"ఇంకా?"

"సైకిల్ ఎక్కడ పెడతావు అనింది."

"ఇంకేం అడగలేదా?"

"ఇంకేం లేదవ్వా."

అవ్వ నా వైపు ఒకసారి చూసింది. నేను ఫోన్ వైపే చూస్తా కూర్చున్నా. కాసేపటికి అవ్వే మళ్ళీ అనింది, "కిందికి చూపించు పాపా, నేల ఉండాదా?"