మామ్మ ముఖం మీది మచ్చలు

బరంపురంలో మా తరం వాళ్ల ఇళ్లల్లో తప్పకుండా ఒక రేకు పెట్టె ఉంటుంది. పైన శుభలేఖలు, పాత రసీదులు, అడుగున ఫొటోలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే గదా, మా పెద్దలు ఫొటోల వెనక రాసుకున్నవన్నీ తెలుగులోనే ఉన్నాయి. మా మనవలు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు. చదవడం మాత్రం ఒడియా, ఇంగ్లీషు. అంచేత ఫొటోలో ఉన్నదెవరో చెప్పే ఆ రెండు ముక్కలూ వాళ్లకి వట్టి గీతలే.

రిటైరయ్యాక నేను పెట్టుకున్న పని ఈ పెట్టెను కంప్యూటర్లోకి ఎక్కించడం. ఇప్పటికి నాలుగు వందల పైచిలుకు అయ్యాయి. మన సభ్యుల్లో ఇలాంటి పెట్టె లేని ఇల్లు తక్కువే కాబోలు, తెలిసినవి నాలుగు చెబుతాను.

స్కానర్ లేనివాళ్లు దిగులుపడనక్కర్లేదు. గూగుల్ వారి ఫొటోస్కాన్ అనే ఉచిత యాప్ 2016 నుంచీ ఉంది. ఫొటో మీద నాలుగు చుక్కలు చూపించి ఒక్కొక్కదాని దగ్గరకూ ఫోను జరపమంటుంది. తరవాత వాటిని కలిపి, దీపం వెలుగు పడ్డ మెరుపు లేకుండా ఒకే ఫొటో ఇస్తుంది. పోస్టుకార్డంత ఫొటోలకు ఇది చాలు. చిన్నవాటికి చాలదు. ఆ రోజుల్లో మా బాబాయి దగ్గర ఆగ్ఫా క్లిక్-3 కెమెరా ఉండేది. రోలుకు 12 ఫొటోలు, ఒక్కొక్కటీ రెండంగుళాల చిల్లర. అలాంటివాటిని స్కానర్ మీద పెట్టి 1200 డి.పి.ఐ. దగ్గర తీయాలి. 300 దగ్గర తీస్తే అటూ ఇటూ ఏడు వందల చుక్కలైనా రావు, గోడకు పెట్టేంత పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయండి. కాగితం పసుపు తిరిగిన తీరు, సిరా రంగు అందులోనే నిలుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, వెనకవైపు కూడా తీయండి. చాలామంది మరిచేది అదే.

మొదట తీసిన ఫైలును టిఫ్ రూపంలో దాచి, దాని జోలికి పోకండి. గీతలు తుడవడం, వెలుగు సరిచేయడం నకలు మీదే. దానికి ఫొటోపీ అనే వెబ్‌సైటు బాగుంటుంది. డబ్బులక్కర్లేదు, ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు, మన ఫొటో మన కంప్యూటరు దాటి పోదు. చుట్టాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే కుదించేస్తుంది. అలా నలుగురి చేతులు మారి తిరిగొచ్చేసరికి చారులో నీళ్లు పోసినట్టే. గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ 1 నుంచీ ఉచితం 15 జి.బి. వరకే, అదీ మన ఈమెయిలుతో కలిపి. అందుకని ఒక ప్రతి హార్డ్‌డిస్కులో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న మా అమ్మాయి దగ్గర ఉంచాను.

వెనక ఉన్న తెలుగు రాతను టైపు చేసి, అక్షరముఖ అనే వెబ్‌సైటులో పెడితే అదే తెలుగు ఒడియా లిపిలో వస్తుంది. మాట మారదు, అక్షరం మారుతుంది. కన్నడ, తమిళ, దేవనాగరి లిపుల్లోకీ మారుస్తుంది, బెంగళూరు, షోలాపూరు వాళ్లకూ అక్కరకొస్తుంది. మా మనవరాలు మొదటిసారి అలా చదివింది, "చిన్నాన్న పెళ్లినాడు, వానలో" అని. వాన సంగతి నాకూ తెలియదు.

ఇక మామ్మ ఫొటో సంగతి. నిరుడు గృహప్రవేశానికి మా అన్నయ్యగారి మనవడు ఎంతో ప్రేమగా మామ్మ ఫొటో ఒకటి పెద్దది చేయించి తెచ్చాడు. పాత ఫొటోలను కొత్తగా చేసే యాప్ ఒకదాంట్లో పెట్టాడట. కళ్లు తళతళ, చర్మం నున్నగా, సినిమా వాళ్లలా ఉంది. మా మేనత్తకు 88 ఏళ్లు. దగ్గరగా చూసి, "ఎవర్రా ఈవిడ?" అంది.

మామ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ఇంట్లో ఇద్దరు పిల్లలకు వస్తే బతికింది తనొక్కతే. బుగ్గల నిండా మచ్చలు. అసలు ఫొటోలో అవి స్పష్టంగా ఉన్నాయి. యాప్ వాటిని దుమ్ము కింద జమకట్టింది. ముక్కుపుడకనూ మాయం చేసింది. ఈ యాప్‌లు పోయినదాన్ని వెతికి తేవు. వేలకు వేల ముఖాలు చూసి ఉంటాయి గనుక, ఇక్కడ ఇలా ఉండవచ్చునని ఊహించి కొత్తగా గీస్తాయి. 1975 తరవాత మన దేశంలో మశూచి లేదు. అలాంటి ముఖం ఆ కుర్రాడూ చూడలేదు, యాప్ కూడా పెద్దగా చూసి ఉండదు. గోడ గీతో ఆకాశమో సరిచేస్తే నాకు అభ్యంతరం లేదు గాని, ముఖం మీద చెయ్యి వేయనివ్వడం నాకు ససేమిరా ఇష్టం లేదు. కుర్రాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఫొటోనే కాస్త వెలుగు పెంచి గోడకు పెట్టాం. వాడు తెచ్చినదాని ఫైలు పేరులో "యాప్ గీసినది" అని చేర్చాను, ముందు తరం వాళ్లు పొరబడకుండా.

ముఖాలను బట్టి ఫొటోలను జట్టు కట్టే సదుపాయం గూగుల్ ఫొటోస్‌లో ఉందిగాని, మా ఇంట్లో అక్కచెల్లెళ్లు ముగ్గుర్నీ ఒకరే అనుకుంది. దానికన్నా అత్తయ్య నయం. 1958 నాటి గ్రూప్ ఫొటోలో 31 మంది ఉన్నారు. దాన్ని టీవీలో పెద్దదిగా పెట్టి, ఒక్కొక్కరికీ అంకె వేసి, ఫోనులో గొంతు రికార్డు చేస్తూ కూర్చున్నాం. మూడు మధ్యాహ్నాల్లో 24 మంది పేర్లు చెప్పింది. అందులో సగం కథలు రాయడానికి వీల్లేనివి! మిగిలిన ఏడు ముఖాలూ చుట్టాలందరికీ పంపితే, ఖరగ్‌పూరు రైల్వే కాలనీ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. 19వ నెంబరు ఆయన తల్లిగారట. ఆమె పెళ్లికి ముందు ఫొటో ఆయన అదే మొదటిసారి చూడటం. చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకా ఆరుగురున్నారు. అత్తయ్యకు వచ్చే నెలలో కంటి శుక్లం ఆపరేషను. అది కాగానే మళ్లీ టీవీ ముందు కూర్చుంటానంది.