సోలై నగర్ దారిలో ఆగిన లారీ

సోలై అంటే తమిళంలో చెట్ల తోపు. పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు అంచున, ముత్తియాల్‌పేట దాటి సముద్రం వైపు తిరిగితే వచ్చే సోలై నగర్‌లో ఇప్పుడు చెట్లకంటె పడవలే ఎక్కువగా కంటబడతాయి. రంగులు వేసిన ఫైబరు పడవలు, వాటి నీడన వలలు బాగుచేసుకొనే మగవారు, చేపల తట్టలతో బజారుకు బయలుదేరే స్త్రీలు. గోదావరి తీరాన ఉన్న యానాం ఈ పుదుచ్చేరి పాలనలోనిదే కనుక తెలుగువారికి ఈ పట్టణం పూర్తిగా పరాయిది కాదు. అయితే ఫ్రెంచి వీధుల సొగసు, అరవిందాశ్రమపు ప్రశాంతత చూడవచ్చిన యాత్రికులు ఉత్తరాన ఉన్న ఈ బెస్తవాడల దాకా రావడం అరుదు.

ఇక్కడివారికి సముద్రం కొత్త కాదు, దాని కోపమూ కొత్త కాదు. 1980లలో పట్టణానికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి రాతికట్టలు కట్టిన తరువాత, తీరం వెంట ఉత్తరంగా సాగే ఇసుక అక్కడనే నిలిచిపోయింది. ఇసుక అందని ఉత్తరపు తీరం ఏటేటా కోతకు గురియైనది. పట్టణాన్ని కాపాడడానికి నల్లరాళ్లు పేర్చవలసి వచ్చింది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీని ఈ తీరంలో ఎవ్వరూ మరువలేదు. అలల వలన కలిగే నష్టాన్ని ప్రభుత్వాలు లెక్కించాయి, పరిహారమూ కొంత ఇచ్చాయి. ఈ వాడలకు పడమటగా పోయే రహదారి వలన కలిగే నష్టానికి మాత్రం అటువంటి లెక్క ఎన్నడూ సరిగా జరగలేదు.

మదరాసు నుండి వచ్చే తూర్పు తీర రహదారి కొట్టకుప్పం మీదుగా పుదుచ్చేరిలో ప్రవేశిస్తుంది. ఆ దారిన లారీలు, టిప్పర్లు, పొడుగాటి ట్రైలర్లు రాత్రింబవళ్లు నడుస్తాయి. తెల్లవారుజామున చేపలు అమ్మేవారి స్కూటర్లు, ఆటోలు వాటి నడుమనే దూరిపోతాయి. దేశంలో ఏ రహదారి మీదనైనా కనిపించే దృశ్యం ఇక్కడా కనిపిస్తుంది: టైరు పగిలిన లారీ దారి అంచున ఆగి ఉంటుంది, వెనుక దీపం వెలగదు, నాలుగు రాళ్లు, ఒక పచ్చని చెట్టుకొమ్మ తప్ప వేరే హెచ్చరిక ఉండదు. వెనుక వచ్చేవారికి కనబడేలా వెలుగును తిప్పికొట్టే ఎర్ర త్రికోణం పెట్టాలని నిబంధన ఉన్నది. అయినా చెట్టుకొమ్మకున్న ప్రచారం ఆ త్రికోణానికి ఇంకా రాలేదు.

ఆ లారీ వెనుకకు పోయి ఒకసారి పరిశీలిస్తే ప్రమాదం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. సరుకు మోసే బల్ల నేలనుండి మూడు అడుగులకు మించిన ఎత్తున ఉంటుంది. కారు ముందు భాగం అంతకంటె తక్కువ ఎత్తు. రెండు కార్లు ఢీకొన్నప్పుడు ముందు భాగాలు నలిగి దెబ్బను తమలో ఇముడ్చుకుంటాయి, గాలిసంచులు తెరుచుకుంటాయి, నడుము పట్టీ మనిషిని ఆపుతుంది. కాని కారు లారీ వెనుకకు దూసుకుపోయినప్పుడు ఆ ముందు భాగానికి ఎదురయ్యేది ఉక్కు కాదు, ఖాళీ స్థలం. ఇంజను భాగమంతా బల్ల కిందికి జారిపోతుంది. మొదటి దెబ్బ అద్దానికి, ఆ వెంటనే లోపల కూర్చున్నవారి తలకు తగులుతుంది. కారు తయారీలో పడిన శ్రమ అంతా ఆ క్షణాన వ్యర్థమవుతుంది. స్కూటరు మీద పోయేవాడి సంగతి చెప్పనవసరమే లేదు. అతనికి నలగడానికి ముందు భాగమే లేదు.

ఈ సంగతి లోకానికి చాటినది ఒక సినీతార మరణం. 1967 జూన్ 29న హాలీవుడ్ నటి జేన్ మాన్స్‌ఫీల్డ్ ప్రయాణిస్తున్న కారు అమెరికాలోని లూసియానాలో ఒక ట్రైలరు వెనుకభాగాన్ని ఢీకొన్నది. దోమల మందు చల్లే బండి పొగ వలన ఆ ట్రైలరు వేగం తగ్గించుకొన్నది. ముందు సీటులో ఉన్న ముగ్గురు పెద్దలు మరణించారు. వెనుక సీటులో ఉన్న ముగ్గురు పిల్లలు గాయాలతో బ్రతికి బయటపడ్డారు. అటుపిమ్మట ట్రైలర్ల వెనుక కిందుగా వేలాడే ఇనుప కమ్మీకి ఆమె పేరే వాడుకలోకి వచ్చింది. కాని అమెరికాలో కొత్త ట్రైలర్లకు బలమైన కమ్మీ తప్పనిసరి చేసిన నిబంధన 1996లో వెలువడి, 1998లో గాని అమలుకు రాలేదు. ముప్పది సంవత్సరాలు! ఇంత చిన్న ఇనుప ముక్కకు అంతకాలం పట్టినదంటే, ఖర్చు ఎవరు భరించాలన్న వాదమే అందుకు ముఖ్య కారణం. 2022లో ఆ నిబంధనను మరింత కఠినం చేశారు.

మన దేశంలో కాగితం మీద లోటు లేదు. వెనుక అడ్డకమ్మీకి ఐ.ఎస్. 14812 అనే భారత ప్రమాణం 2005లో వచ్చింది. పక్కలనుండి చక్రాల నడుమకు ఎవరూ పడకుండా పక్క కమ్మీలకూ వేరే ప్రమాణం ఉన్నది. కమ్మీ నేలకు సుమారు 55 సెంటీమీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. అయితే తనిఖీ కోసం అతికించిన కమ్మీకి, ఢీకొన్న కారును ఆపగల కమ్మీకి ఎంతో తేడా ఉన్నది. సన్నని గొట్టాన్ని రెండు చోట్ల వెల్డింగు చేసి రంగు వేస్తే కంటికి రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి.

తెలుగునాట పెద్ద ఇళ్లు కూడా ఇటువంటి దుఃఖాన్ని ఎరుగును. కేంద్రంలో మంత్రిగా పనిచేసిన కింజరాపు ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న, ఇంకా తెల్లవారకముందే, శ్రీకాకుళం జిల్లా రణస్థలం సమీపాన తన కారు ఆయిల్ టాంకరును ఢీకొనడంతో మరణించారు. నటుడు భరత్ 2017 జూన్ 24 రాత్రి హైదరాబాదు బాహ్యవలయ రహదారి మీద, శంషాబాదు దగ్గర, ఆగి ఉన్న లారీ వెనుకభాగాన్ని ఢీకొని ప్రాణం కోల్పోయారు. పేరున్నవారు గనుక ఆ వార్తలు అందరికీ తెలిశాయి. పేరు లేనివారు మరునాటి పత్రికలో రెండు పంక్తులకు పరిమితమవుతారు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వీరిలో నూటికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనాల మీద పోయేవారు. ఆ ఏటి ప్రమాదాలలో ఐదింట ఒక వంతు వెనుకనుండి ఢీకొన్నవి. లారీ కిందికి దూసుకుపోయిన ప్రమాదాలకు మాత్రం ప్రభుత్వ పట్టికలో విడిగా గడి లేదు. గడి లేని నష్టానికి నివారణ కూడ ఆలస్యంగానే వస్తుంది. రవాణా మంత్రిత్వశాఖ చేయించిన ఒక అధ్యయనం రోడ్డు ప్రమాదాల మొత్తం నష్టాన్ని ఏటా ఒక లక్షా 47 వేల కోట్ల రూపాయలుగా, అనగా జాతీయోత్పత్తిలో 0.77 శాతంగా అంచనా కట్టింది.

కోట్ల లెక్క మనసుకు ఎక్కదు. ఒక్క ఇంటి లెక్క చూడవచ్చు. సోలై నగర్ వంటి వాడలో ముప్పది నాలుగేళ్ల మనిషి నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తూ, మీద ఆధారపడిన నలుగురిని వదిలి పోయాడనుకొందాము. సుప్రీంకోర్టు 2009లోను, 2017లోను ఇచ్చిన తీర్పుల ప్రకారం భవిష్యత్తు పెరుగుదలకు నూటికి నలభై కలిపితే 21,000. అతని సొంత ఖర్చుకు నాలుగవ వంతు తీసివేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 16తో హెచ్చిస్తే 30,24,000 రూపాయలు. కాని సముద్రం మీద సంపాదనకు జీతపు చీటీ ఉండదు. నెలకు పదిహేను వేలని రుజువు చేయలేని ఇంట ఆ మొదటి అంకె దగ్గరే కోత పడుతుంది. ఆపైన, వెనుకనుండి గుద్దినవాడిదే సగం తప్పని తేలితే మొత్తం సగమవుతుంది.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ రెండవ వాదాన్ని ఒక కేసులో తోసివేసింది. రాత్రివేళ నడిరోడ్డు మీద, దీపమైనా లేకుండా ఆగి ఉన్న గ్యాస్ టాంకరును కారు ఢీకొన్నది. సగం తప్పు కారు నడిపినవాడిదని హైకోర్టు పరిహారం తగ్గించింది. ఆ తగ్గింపు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని ఢిల్లీ దాకా పోగల ఓపిక, ధనం ఎందరికి ఉంటాయి?

తీర్పు వచ్చేలోగా ఇల్లు గడవాలి. 2021లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన నివేదికలో పేద కుటుంబాలలో నూటికి డెబ్బై ఐదుకు పైగా ప్రమాదం తరువాత తమ ఆదాయం పడిపోయినదని చెప్పాయి. వాటికి జరిగిన నష్టం ఏడు నెలల రాబడికి మించినది. సంపన్నులకు ఒక నెల రాబడి కూడా కాదు. ఇంటి స్త్రీలలో నూటికి నలభై మంది తమ పని తీరు మార్చుకోవలసి వచ్చింది. 2025 మే నుండి ప్రమాదంలో గాయపడినవారికి ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల మేరకు డబ్బు కట్టకుండా చికిత్స పొందే పథకం అమలులోకి వచ్చింది. మంచిదే. తలకు తగిలిన దెబ్బ ఏడు రోజులతో పోయేది కాదు.

లారీ వాడి నష్టాన్ని కూడ మరువరాదు. బండి పోలీసు ఠాణా ఆవరణలో ఎండకు ఎండుతూ నిలబడుతుంది. వాయిదాల గడువు మాత్రం నిలబడదు. డ్రైవరు మీద కేసు నడుస్తుంది. ఆ రాత్రి అతడు దారి పక్కన ఎందుకు ఆగవలసి వచ్చినదో, ఆగడానికి వేరే చోటు ఉన్నదో లేదో విచారించేవారు తక్కువ.

వేకువన సోలై నగర్ నుండి గూబేర్ మార్కెట్టుకు చేపల తట్టలు బయలుదేరుతాయి. రాత్రి ఆగిన లారీ టైరు మార్చుకొని ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. రాళ్లు, వాడిన కొమ్మ దారి మీదనే ఉంటాయి. వాటిని తప్పించుకోవడానికి ఆటో కుడివైపుకు తిరుగుతుంది. వెనుక ట్రైలరు హారను మ్రోగిస్తుంది. తట్ట జారకుండా ఒక చేత్తో పట్టుకొని ఆటోలోని స్త్రీ ముందుకు చూస్తూ ఉంటుంది.