ఊపిరి లెక్క

"అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు చేసేస్తే సరిపోదా మేడమ్?" అని అడిగిందా అమ్మాయి.

"సరిపోదు" అన్నారు నర్సమ్మగారు. తల్లి ఒళ్ళో పడుకున్న పిల్లాడి పొట్ట మీంచి చూపు తిప్పలేదు.

కాట్రేనికోనలో ఓ పెంకుటింటి అరుగు. పిల్లాడికి తొమ్మిదో నెల. నాలుగు రోజులుగా జలుబూ దగ్గూ. అమ్మాయికి వచ్చిన లెక్క 48. నర్సమ్మగారికి వచ్చింది 53. తేడా అయిదే, కానీ సంగతంతా ఆ అయిదులోనే ఉంది. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న బిడ్డ నిమిషానికి 50 సార్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఊపిరి తీస్తుంటే న్యుమోనియాగా చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకి ఆ హద్దు 60. ఏడాది దాటిన దగ్గర్నించి అయిదేళ్ళ లోపు 40. అంటే అమ్మాయి లెక్క ప్రకారం వీడికి వట్టి జలుబు, నర్సమ్మగారి లెక్క ప్రకారం జబ్బు.

"పసిబిడ్డ ఊపిరి ఒక్క తీరున నడవదే. కాసేపు గబగబా, కాసేపు నిదానం. అరనిమిషంలో నీకు నిదానం ముక్క దొరికిందనుకో, రెండింతలు చేసినా నిదానమే వస్తుంది. మళ్ళీ పెట్టు. నిమిషం నిండా."

మళ్ళీ పెట్టింది. 52. అప్పుడు చొక్కా పైకెత్తించారు. "ఊపిరి లోపలికి తీసినప్పుడు డొక్క లోపలికి పోతోందా?" లేదంది అమ్మాయి. "పాలు తాగుతున్నాడా?" అని తల్లిని అడిగారు. "తాగుతున్నాడండి, ఆయ్." "అయితే అమలాపురం పరిగెత్తక్కర్లేదు. పీహెచ్‌సీలో డాక్టరుగారికి చూపించు, మందు రాస్తారు. రేపు కాదు, ఇప్పుడే బయల్దేరు."

మా సంపాదకుడు నన్ను పంపిన పని ఇది కాదు. నర్సు లైసెన్సు కోసం చదివే పిల్లలకి ఉండాల్సిన కనీస వైద్య పరిజ్ఞానం ఏమిటో, ఏయే సబ్జెక్టులో, ఎన్ని మార్కులో రెండు పేజీల్లో రాసుకు రమ్మన్నాడు. ముమ్మిడివరంలో బస్సు దిగి ఆటో ఎక్కిన నేను, దారంతా రొయ్యల చెరువులు చూస్తూ ఈ అరుగు దగ్గర దిగాను. ఇంక కదల్లేదు. మార్కుల సంగతి ఏ గైడు పుస్తకంలోనైనా దొరుకుతుంది.

నర్సమ్మగారు ఏఎన్‌ఎంగా చేరి హెల్త్ విజిటరుగా పదవీ విరమణ చేశారు. ఉద్యోగమంతా ఈ తీరంలోనే. పల్లం, చిర్రయానం, బలుసుతిప్ప, పడవెక్కి వెళ్ళాల్సిన మగసానితిప్ప. ఇప్పుడు సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఏఎన్‌ఎం చదివే పిల్లలు నలుగురైదుగురు వచ్చి ఈ అరుగు మీద కూర్చుంటారు. ఫీజు లేదు, బోర్డు లేదు. ఇరుగుపొరుగు వాళ్ళే రోగులు.

ఆ రోజు రోగుల్లో ఎండలో నడిచొచ్చిన ఓ గర్భిణి ఉంది. ఒక పిల్ల డిజిటల్ మిషను తీసి, జాకెట్టు చెయ్యి మీదనే పట్టా చుట్టి బొత్తాం నొక్కింది. 148/94. గర్భిణికి 140/90 దాటితే భయపడాల్సిందే కాబట్టి ఆ పిల్ల ముఖం మారిపోయింది. నర్సమ్మగారు ఏమీ అనలేదు. ఆవిణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టారు. పాదాలు నేలకి ఆనాయి. మంచినీళ్ళిచ్చారు. అయిదు నిమిషాలు ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. జాకెట్టు చెయ్యి పైకి మడిపించి, ముంజేతి కింద దిండు పెట్టి, చెయ్యి గుండె ఎత్తుకి తెచ్చారు. తర్వాత తన పాత పాదరసం మిషను తెరిచారు.

ఆ చేతులు చూడాలి. ఎడమ చేతి మూడు వేళ్ళు ఆవిడ మణికట్టు మీద నాడి పట్టుకున్నాయి. కుడిచెయ్యి బల్బు నొక్కుతోంది. నాడి వేళ్ళ కింద మాయమైన చోట అంకె గుర్తుపెట్టుకుని గాలి వదిలేశారు. మళ్ళీ ఆ అంకె మీద మరో 30 దాకా ఎక్కించి, స్టెతస్కోపు మోచేతి మడతలో పెట్టి, సెకనుకి రెండు మిల్లీమీటర్ల చొప్పున దించుకొచ్చారు. చప్పుడు మొదలైన చోటు పై అంకె, ఆగిన చోటు కింది అంకె. 1905లో కొరొట్‌కోవ్ అనే రష్యన్ వైద్యుడు చెప్పిన చప్పుళ్ళే ఇవి. ముందు నాడి ఎందుకు పట్టుకోవాలంటే, కొందరిలో ఈ చప్పుడు మధ్యలో కాసేపు ఆగి మళ్ళీ వినిపిస్తుంది. నాడి చూడకుండా తక్కువ ఎక్కిస్తే ఆ మధ్య మౌనంలో పడి, అసలు పై అంకె తప్పిపోతుంది. లెక్క 126/82 తేలింది.

"మిషను అబద్ధం చెప్పలేదే. నడిచొచ్చిన మనిషిని అడిగితే నడిచొచ్చిన లెక్కే చెప్పింది" అన్నారు.

తర్వాత రక్తం ఉందో లేదో చూడమన్నారు. పిల్ల గర్భిణి చేతులందుకుంది. గోళ్ళన్నీ ఎర్రగా మందారాల్లా ఉన్నాయి. ఆషాఢం కదా, గోరింటాకు. నర్సమ్మగారికి చిరాకేసింది. "గోరింటాకు పెట్టుకున్న గోళ్ళలో రక్తమేం చూస్తావే? కింది కనురెప్ప తిప్పు. నాలుక చూడు. అరచేతి గీతలు చూడు." కనురెప్ప తిప్పితే లోపల తెల్లగా ఉంది. రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 11 గ్రాముల లోపు హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనత, 7 లోపైతే తీవ్రం. ఈ అంకెలు అరుగు మీద కూర్చున్న ప్రతి పిల్లకీ నిద్రలో లేపి అడిగినా వస్తాయి. కనురెప్ప తిప్పడం మాత్రం రాదు.

నా కోపం ఇక్కడే మొదలైంది. వాళ్ళ సంచుల్లోంచి తొంగిచూస్తున్నవి బిట్ బ్యాంకులు. ఇంట్రామస్క్యులర్ ఇంజెక్షన్ ఎన్ని డిగ్రీల కోణంలో? 90. చర్మం కింద? 45. బీసీజీ ఏ చేతికి? ఎడమ. టీకాలు ఏ ఉష్ణోగ్రతలో? 2 నుంచి 8 డిగ్రీలు. అన్నీ సరైన జవాబులే. చేత్తో సూది పట్టుకున్నప్పుడు 90 డిగ్రీలంటే ఏమిటో, ఎముకలు తేలిన ముసలావిడ తొడ మీద ఎంత లోతు దింపాలో ఏ బిట్టూ చెప్పదు. ఒక పిల్ల గొంతు తగ్గించి పక్కదానితో అన్న మాట నా చెవిన పడింది: "కాన్పుల రికార్డు నిండిపోయిందే నాది. చూసినవి మాత్రం రెండే." పక్కది నవ్వింది. అది చదివే కాలేజీ పేరు నేనడగలేదు. అడిగినా లాభం లేదు, ఇలాంటివి జిల్లాకి కొన్ని ఉంటాయి.

తప్పంతా పిల్లలదీ కాదు, కాలేజీలదీ కాదు. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లు. మామూలు కాన్పు చూడాలంటే దొరకాలి కదా. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ, అంటే ఏఎన్‌ఎం కోర్సు చదివి, ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసే పిల్లని వార్డులో చాలాచోట్ల ఫైళ్ళు మోయడానికీ, ట్యాబులో వివరాలు ఎక్కించడానికీ వాడుకుంటారు. ఉద్యోగం వచ్చాకా అదే తంతు. ఏఎన్‌ఎం అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్, పేరులోనే మంత్రసాని పని ఉంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెని బహుళార్థ ఆరోగ్య కార్యకర్తని చేయమంది. మలేరియా, కుటుంబ నియంత్రణ, టీకాలు, సర్వేలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఇప్పుడు యాప్‌లు. పదింటికి చేరిన మనిషి ఒంటిగంట దాకా ఫోనులో అంకెలు ఎక్కిస్తుంటే, రోగి ఒంటి మీద చెయ్యి వేసేదెప్పుడు?

అమెరికాలో ఈ స్థాయి నర్సుని లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు అంటారు. రాష్ట్ర బోర్డు లైసెన్సివ్వాలంటే ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే కంప్యూటర్ పరీక్ష గట్టెక్కాలి. అదీ బిట్ల పరీక్షే. అయినా 2023 ఏప్రిల్ నుంచి దాని తీరు మార్చారు. ఓ రోగి పరిస్థితి మొత్తం ముందు పెట్టి, ఇందులో ఏది నీ కంట పడాలి, ఏ పని ముందు చేయాలి, చేశాక ఏం చూడాలి అని అడిగే ప్రశ్నలు చేర్చారు. ఒంటరి బిట్లు చాలవని వాళ్ళకీ తెలిసొచ్చింది. మనకి రిజిస్ట్రేషన్ చట్టం కొత్తదేం కాదు, 1926లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. వందేళ్ళ నుంచీ పేరు రిజిస్టర్‌లో ఎక్కించడం మనకి బాగా వచ్చు. పేరు ఎక్కించే ముందు చేతులు చూడటమే రాలేదు.

అరుగు మీద పిల్లల్లో ముగ్గురికి గల్ఫ్ మీద మనసుంది. ఈ ప్రాంతంలో అది వింత కాదు, వాళ్ళ పిన్నులూ మేనత్తలూ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళల్లో పనిచేసి డబ్బు పంపినవాళ్ళే. అక్కడ రిజిస్టర్డ్ నర్సుగా లైసెన్సు కావాలంటే ఏఎన్‌ఎం చదువు చాలదు, అంతకు పై నర్సింగు చదువు ఉండాలి. ఈ మాట కోర్సులో చేరేటప్పుడే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. ఆ అరుగు మీద వాళ్ళకి నర్సమ్మగారే చెప్పారు.

చీకటి పడుతుండగా 1996 తుపాను మాట వచ్చింది. నవంబరు 6 రాత్రి. వెయ్యి మందికి పైగా పోయిన ఆ తుపానులో బాగా దెబ్బతిన్న మండలాల్లో ఇదొకటి. "కరెంటు లేదు, రోడ్డు లేదు. బావుల్లో ఉప్పునీళ్ళు. బీపీ మిషను ఎక్కడికి కొట్టుకుపోయిందో తెలీదు. విరేచనాలు మొదలయ్యాయి. ఏం చేశామనుకున్నారు? పిల్లల పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలేవాళ్ళం. వెంటనే సర్దుకుంటే ఓఆర్‌ఎస్ ఇచ్చి ఇంటికి. నిదానంగా సర్దుకుంటే పక్కన కూచోబెట్టుకుని మేమే తాగించేవాళ్ళం. రెండు సెకన్లు దాటినా ముడత పోలేదంటే ఇంక మన దగ్గర ఉంచకూడదు, మంచం మీద వేసుకుని మోసుకెళ్ళి సెలైన్ పెట్టించాల్సిందే." ఒక పిల్ల తన ముంజేతి మీద చర్మం లాగి చూసుకుంది. "అక్కడ కాదే, పొట్ట మీద, బొడ్డుకీ పక్కకీ మధ్యలో" అని ఆవిడ చెయ్యి తీసి పెట్టి చూపించారు.

ఈ తీరానికి తుపానులు మళ్ళీ వస్తాయి. ట్యాబులు అప్పుడు పనిచేయవు.

నర్సింగు కాలేజీలు నడిపేవాళ్ళకీ, పరీక్షలు పెట్టేవాళ్ళకీ ఒక మాట. మీ మండలంలో పదవీ విరమణ చేసిన హెల్త్ విజిటర్లు ఎక్కడున్నారో కనుక్కోండి. వారానికి రెండు పూటలు పిలిచి పిల్లల్ని వాళ్ళకి అప్పగించండి. ప్రాక్టికల్స్ రోజున రికార్డు పుస్తకం పక్కన పెట్టి, ఒక పసిబిడ్డ ఊపిరి నిమిషం నిండా లెక్కపెట్టించి, వాళ్ళ చేతే మార్కులు వేయించండి. వాళ్ళకి గౌరవ వేతనం ఇవ్వండి, ఊరికే రమ్మనకండి.