తాత డప్పు

పీహెచ్‌డీ రోజుల్లో తాతతో అన్నాను: "ఊళ్లో చావులకీ జాతరకీ కొట్టడం వెట్టి తాతా. ఇక డప్పు ముట్టుకోవద్దు." చిర్ర, చిటికెన పుల్ల చూరులో దోపేశాడు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకిచ్చే 4,000 రూపాయల పింఛను నెలనెలా వస్తోంది. మనిషి మాత్రం అరుగు దిగడు. మాటా తగ్గింది.

మొన్న ఏప్రిల్ 14న పేట పిల్లలు నేర్పమని అడిగారు. గడ్డి మంట మీద డప్పు కాచి, రాత్రి పదిదాకా దరువులు నేర్పాడు. ఆయన ఈడువాళ్లు నలుగురు చేరారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కలుస్తున్నారు.

"ఊరోళ్ల పిలుపంటే నాకూ మంటే అయ్యా. డప్పు నాకేం చేసింది?" అన్నాడు.

వెట్టి మీద కోపంతో ఆయన విద్యనీ, తోటివాళ్లనీ దూరం చేశాను. మిత్రులారా, మీ పేట పెద్దల్ని ఈ ఆదివారం అడగండి, వాళ్లకేం వచ్చో.

జై భీమ్.