హైదరాబాదు పందెమున ఇద్దరు సారథులు

మోటారు పందెముల ముచ్చట స్త్రీల పత్రికలో నేల యని సోదరీమణులు కొందరు నవ్వవచ్చును. పురాణపఠనము నిత్యము జరుగు ఇంట పెరిగిన వారమగుటచే సారథుల తారతమ్యము మాకు క్రొత్త విషయము గాదు. కర్ణుడు శల్యునే సారథిగా కోరుట శ్రీకృష్ణునకు ఈడైనవాడు వేరొకడు లేడను తలంపుచేతనే గదా! బాహుకుడు తోలుచున్న రథపు ధ్వని విని నలుడే యని శంకించినది దమయంతి. తోలువాని నేర్పును ఆ సభలో మొదట గుర్తించినది ఆడుదాని చెవియే.

2023 ఫిబ్రవరి 11వ తేదీని హైదరాబాదులో హుస్సేనుసాగరము చెంత ఫార్ములా ఇ పందెము జరిగెను. మన దేశమున ఆ జాతి పందెములలో నదియే మొదటిది. చక్రములపై కప్పు లేని ఒంటిమనిషి బండ్లు. పెట్రోలు లేదు, బ్యాటరీలోని విద్యుచ్ఛక్తియే ఆధారము. పట్టణపు వీధులనే బాటగా మలచి, ఇరుప్రక్కల గోడలు నిలిపిరి. చుట్టు సుమారు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18. ఆమడగూరులో మా యింట టెలివిజను ముందు పిల్లలతో గూడ మేమును కూర్చుంటిమి.

తుదకు పోరు ఇద్దరి నడుమ మిగిలెను. ముందున్నవాడు ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్. ఈ పందెములలో వరుసగా రెండేండ్లు, 2018, 2019 సంవత్సరములలో, ఛాంపియనైనవాడు. వెన్నంటినవాడు న్యూజిలాండు దేశీయుడు నిక్ క్యాసిడీ. జపానులో పేరు గడించి వచ్చినవాడు. వెర్న్ గెలిచెను. ఇద్దరి నడుమ తేడా అరసెకను గూడ లేదు.

మా యబ్బాయి పెదవి విరిచెను. "వెనుకవాడే వేగముగలవాడు. ముందువాడు దారికడ్డముగా నిలిచినాడు, అంతియే" యని వాని తీర్పు. వాని తండ్రిగారును తల యూచిరి. మాకు మాత్ర మా మాట రుచింపలేదు. ఎందుకనగా, ఈ పందెమునకు బయలుదేరునప్పుడు ప్రతివానికిని కొలిచి యిచ్చిన శక్తి యొక్కటే. ఆనాడు నడుమ నింపుకొన వీలులేకుండెను. బ్రేకు వేసినప్పుడు చక్రముల వేగమునుండి కొంత శక్తి మరల బ్యాటరీలో చేరును; దానిని రాబట్టుకొనుటయు తోలువాని చేతిలోనిదే. మరియు ముందు పోవువాడు గాలిని తానే చీల్చుకొని పోవలెను. వెనుకవాడు ఆ చాటున సుఖముగా సాగి శక్తి మిగుల్చుకొనును. చివరి చుట్లలో క్యాసిడీ యొద్ద శక్తి హెచ్చుగా నుండుటయు, వెర్న్ యొద్ద తక్కువగా నుండుటయు నందుచేతనే.

ఇప్పుడు చెప్పుడు. నాలుగు బిందెల నీటితో ఇల్లు గడుపుకొన్న ఇల్లాలు ఎక్కువ నేర్పరియా, ఆరు బిందెలున్న ఆమెయా? మా అనంతపుర సీమ ఆడువారి నడిగిన జవాబునకు తడవు పట్టదు. పొదుపు చేసినవారిని నెమ్మదివారనియు, ఖర్చు చేసినవారిని సమర్థులనియు ననుట యిండ్లలోను కలదు. దానిచే మాకు రోసము వచ్చినది కాని వెర్న్ మాకు చుట్టమై గాదు! అడ్డగించుటకును నియమమున్నది. ఒకసారి దారి మార్చి కాచుకొనవచ్చును. మరల మరల అటునిటు ఊగరాదు. మలుపు లోపలి ప్రక్కను మూసి, ఎదుటివాడు చొరబడు చోటు ముందే యూహించి, చేతిలోని శక్తిని గీతవఱకు సరిపుచ్చుట సామాన్యమా?

క్యాసిడీని తక్కువ చేయుటయు మా యుద్దేశము గాదు. అంత దగ్గర నుండియు దుడుకుతనమున బండిని తాకింపలేదు. ఆనాడే మొదటి వరుసనుండి బయలుదేరిన మిచ్ ఇవాన్సును అతని సొంత జట్టువాడైన సామ్ బర్డ్ తాకి యిద్దరి పందెమును చెడగొట్టెను. క్యాసిడీ జట్టువాడు సెబాస్టియన్ బ్యూమీ మూడవవాడుగా వచ్చియు, మితిమించి శక్తి వాడినందుకు శిక్షపడి ఆ స్థానము పోగొట్టుకొనెను. ఆ యేడు మొత్తము లెక్కలో క్యాసిడీ రెండవవాడు. వెర్న్‌కు ఆ యేట మరియొక గెలుపు లేదు. సంవత్సరమంతటికిని ఎవరు మేలని యడిగిన క్యాసిడీ యనియే మేమును చెప్పుదుము. ఆ ఒక్క సాయంకాలపు పనితనమును మాత్రము వెర్న్‌కే యిత్తుము.

మా యమ్మాయి వేరొక ప్రశ్న వేసెను. ఆనాడు బయలుదేరిన 22 మందిలో స్త్రీ యొక్కతెయు లేదేమి యని. 2014లో బీజింగులో జరిగిన తొలి ఫార్ములా ఇ పందెమున ఇద్దరు స్త్రీలు, మికేలా చెరుటి, కాథరీన్ లెగ్ యనువారు తోలిరి. అంతకు పూర్వము 1975లో ఇటలీ వనిత లెల్లా లొంబార్డి ఫార్ములా వన్నులో అరపాయింటు గడించెను. తోలగల చేతులు లేక కాదు. బండి యిచ్చి, ఏండ్ల తరబడి ఖర్చు భరించువారు దొరకవలెను. మా యమ్మాయి స్కూటరు నేర్చుకొందునని యడుగుచున్నది; మేము సరేయంటిమి, ఆమె నాయనగా రింకను ఆలోచించుచున్నారు.

2024లో హైదరాబాదున జరుగవలసిన రెండవ పందెము రద్దయ్యెను. కావున ఆ బాటపై వారిద్దరి లెక్క అక్కడనే నిలిచియున్నది. మా వారు నేటికిని క్యాసిడీ పక్షమే.