కారు మూలుగుతోంది, వెళ్దామా వద్దా?

ఇంట్లో వస్తువులన్నీ మనతో మాట్లాడతాయి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. మిక్సీలో పచ్చడి తిరగకుండా బ్లేడు ఒక్కటే తిరుగుతుంటే హాల్లో ఉన్నా తెలిసిపోతుంది. కుక్కర్ విజిల్ వేయకుండా పక్కనుంచి "స్స్" మంటుంటే గాస్కెట్ వదులైందని చూడకుండానే చెప్పేస్తాం. బోరు మోటారు నీళ్ళు లాగకుండా ఉత్తినే తిరుగుతుంటే దాని గొంతే వేరు. ఇవన్నీ మనం చెప్తే ఇంట్లో ఎవరూ కాదనరు. అదే చెవితో కారులో ఏదో శబ్దం విన్నామని చెప్పండి, "నీకు అలా అనిపించి ఉంటుందిలే" అంటారు.

మా కారుకి ఏడేళ్ళు. అరవై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. మేముండేది ఉప్పల్ వైపు. పిల్లల స్కూలు, కూరగాయలు, అత్తయ్య కంటి డాక్టరు, అన్నీ నా డ్రైవింగే. మావారు ఆఫీసుకి మెట్రోలో వెళ్తారు. అంటే ఆ కారుతో ఎక్కువసేపు గడిపేది నేనే అన్నమాట.

మొన్న ఒకరోజు పనుండి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కాను. స్పీడు అరవై దాటగానే ముందు ఎడమవైపు నుంచి "గుయ్‌య్" మని ఒక శబ్దం, దూరంగా విమానం పోతున్నట్టు. కాలనీలో ముప్పై, నలభైలో తిరిగేటప్పుడు ఎప్పుడూ వినలేదు. ఏసీ ఆపాను, పాటలు ఆపాను, అద్దాలు ఎత్తాను. ఉంది. క్లచ్ నొక్కితే ఇంజిన్ గొంతు తగ్గింది కానీ ఇది తగ్గలేదు. కారు నెమ్మదిస్తేనే అదీ నెమ్మదించింది. కుడివైపు వంపు తిరిగితే పెరిగింది, ఎడమవైపు తిరిగితే తగ్గింది. కొత్త రోడ్డు మీదా, పాత రోడ్డు మీదా ఒకేలా ఉంది.

ఇంటికొచ్చి ఇవన్నీ పాలలెక్కల పుస్తకంలో వెనక పేజీలో రాసుకున్నాను. మర్నాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. ఆ అబ్బాయి సందు చివరిదాకా ఇరవై స్పీడులో నడిపి వచ్చి, "ఏం లేదు మేడమ్, టైర్ల సౌండ్ అంతే" అన్నాడు. అరవై దాటితేనే వస్తుందని చెప్పాను. ఇంకోసారి సందు చివరిదాకా వెళ్ళొచ్చాడు.

ఇదంతా మామూలు రోజుల్లో అయితే నెమ్మదిగా చూపించుకునేదాన్ని. కానీ ఆ ఆదివారం విజయవాడలో అత్తయ్య వాళ్ళ తమ్ముడి కూతురి పెళ్ళి. మావారు ఆఫీసు పని మీద పుణెలో ఉన్నారు, అటునుంచి అటే వచ్చేస్తారు. శనివారం తెల్లవారుజామున నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలు కారులో బయల్దేరాలని ముందే అనుకున్నాం. దాదాపు రెండొందల డెబ్బై కిలోమీటర్లు. అత్తయ్యకి డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. బస్సు మెట్లు ఎక్కడమంటే ఆవిడకి కొండ ఎక్కినట్టే. కారు ఉండేదే ఆవిడ కోసం కదా అని అందరి మాట.

శుక్రవారం సాయంత్రం మా వీధి చివర మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి నేనే స్టీరింగ్ పట్టుకుని, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని రింగ్ రోడ్డు దాకా తీసుకెళ్ళాను. అరవై దాటగానే తల పక్కకి వంచి విన్నాడు. "బేరింగ్ పోతున్నట్టుంది మేడమ్" అన్నాడు. ఇప్పుడే మార్చమంటే, సామాను తేవాలి, ప్రెస్ మీద ఎక్కించాలి, సోమవారం దాకా కాదన్నాడు. మరి రేపు విజయవాడ వెళ్ళొచ్చా అని అడిగాను.

"పోతే పోతది మేడమ్. మధ్యల ఆగితే మాత్రం నన్ను అడగొద్దు."

ఈ జవాబుతో ఏం చేసుకోమంటారు చెప్పండి! మావారికి ఫోన్ చేస్తే, "మొన్ననే కదా సర్వీసింగ్ అయింది. ఎనభై దాటకుండా మెల్లగా వచ్చేయ్, ఏం కాదు" అన్నారు. ఆయన అంత ధీమాగా చెప్తుంటే ఒక నిమిషం నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ శబ్దం ఆయన వినలేదు. విన్నది నేను, నడపాల్సిందీ నేనే.

రాత్రి అన్నాలయ్యాక వంటింట్లో కూర్చుని లెక్క వేసుకున్నాను. కారు ఆపేసి, తీరా అది ఏమీ కాదని తేలితే నాకు పోయేదేంటి? బస్సు టికెట్ల డబ్బు, అత్తయ్యకి ఇబ్బంది, పెళ్ళిలో నాలుగు మాటలు. కారులో వెళ్ళి, తీరా అది ఏదో అయితే? చౌటుప్పల్ దాటాక, సూర్యాపేట రాకముందు, పక్కన లారీలు పోతుండగా ముందు చక్రం బిగుసుకుపోతే? వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, పక్కన పెద్దావిడ. మొదటిది నేను భరించగలను. రెండోది భరించలేను. ఎన్నిసార్లు వేసినా లెక్క అక్కడే ఆగింది.

ఇక అత్తయ్యకి చెప్పడమే మిగిలింది. దానికే ఎక్కువ భయపడ్డాను. ఆవిడ మందులు వేసుకుంటూ అంతా విని, "ఇరుసు అరుస్తుంటే మా నాన్న బండి కట్టేవాడు కాదమ్మాయ్. ముహూర్తం మించిపోతున్నా సరే, కందెన పెట్టాకే ఎద్దుల్ని కట్టేవాడు" అన్నారు. అంతే. టాక్సీ మాట్లాడతానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆ డబ్బు పెడితే పెళ్ళికూతురికి ఇంకో చీర వస్తుందిట.

పొద్దున్నే ఎల్బీనగర్‌లో ఏసీ బస్సు ఎక్కాం. బాత్రూంలో ఉండే ప్లాస్టిక్ స్టూలు కడిగి సంచిలో పెట్టుకెళ్ళాను. బస్సు మొదటి మెట్టు కింద అది వేస్తే అత్తయ్య మెల్లగా ఎక్కేశారు. మోకాళ్ళు నొప్పి పుట్టలేదని అనను. దార్లో రెండుసార్లు కాళ్ళు పట్టేశాయి. పెళ్ళిలో "కారు పెట్టుకుని బస్సులో వచ్చారా?" అని అడగనివాళ్ళు లేరు. మావారు కూడా కాస్త ముభావంగానే ఉన్నారు. నేను వడ్డనలో పడిపోయాను.

తిరిగొచ్చాక మంగళవారం కారు మెకానిక్‌కి ఇచ్చాం. మావారు కూడా వచ్చారు. అతను ముందు భాగం జాకీ మీద లేపి, చక్రాన్ని చేత్తో తిప్పి, పైన స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. కుడివైపు చక్రం తిప్పితే చేతికి ఏమీ తెలియలేదు. ఎడమవైపుది తిప్పితే తిరగలిలో ఇసుక పడ్డట్టు గరగరమని చేతికి తగిలింది. మావారు రెండుసార్లు పెట్టి చూశారు. ఏమీ అనలేదు.

బేరింగ్ ఊడదీశాక, ఇది ఇంకెన్నాళ్ళు వచ్చేదని అడిగాను. "వారం రావొచ్చు, ఆరునెల్లు రావొచ్చు. ఎవరు చెప్తరు మేడమ్" అన్నాడు. ఇంటికొస్తూ మావారు "చూశావా, ఆరునెలలన్నాడు" అన్నారు. "వారం అని కూడా అన్నాడండీ" అన్నాను. మొత్తం ఖర్చు రెండు వేల మూడొందలు.

ఈ గొడవలో నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు మీకూ చెప్తాను, దాచుకోండి. స్పీడుతో పాటు పెరిగే మూలుగు, రోడ్డు మారినా మారకపోతే బేరింగ్ అయ్యుండొచ్చు. రోడ్డుని బట్టి మారితే టైర్లు. బేరింగ్ రోజుల తరబడి మూలుగుతూ ఉంటుంది, అందుకే అలవాటైపోతుంది. అదే ప్రమాదం. చక్రం ఊగుతున్నట్టో, స్టీరింగ్ వణుకుతున్నట్టో అనిపిస్తే ఇక నడపకూడదు. బ్రేక్ వేసినప్పుడు సన్నగా కీచుమంటే ప్యాడ్లు అరిగాయని చెప్పడానికి పెట్టిన చిన్న రేకు డిస్క్‌కి తగులుతోందేమో చూపించుకోవాలి. అదే ఇనుము ఇనుము రాసుకున్నట్టు గరగరమంటే అక్కడే ఆపేయాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే చక్రానికి వెళ్ళే షాఫ్ట్ జాయింట్ చూపించాలి. ఎర్రరంగు ఆయిల్ దీపం వెలిగితే శబ్దం ఉన్నా లేకపోయినా పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి. జాతీయ రహదారి మీద కారు ఆగిపోతే 1033 కి ఫోన్ చేయొచ్చు.

మెకానిక్‌కి "ఏదో శబ్దం వస్తోంది" అని చెప్పకండి. ఎంత స్పీడులో, ఏ వైపు నుంచి, తిరిగేటప్పుడా, బ్రేక్ వేసినప్పుడా, రాసుకుని వెళ్ళి చెప్పండి. కుదిరితే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి వినిపించండి. పాలలెక్క రాసేవాళ్ళకి ఇది పెద్ద పనేం కాదు.

అత్తయ్య వచ్చే నెల కంటి డాక్టరు దగ్గరికి కారులోనే వస్తారు. ఆ స్టూలు మాత్రం డిక్కీలోనే ఉంచమన్నారు. కారు ఎక్కడానికీ బావుంటుందిట.